ఆకాశానికి తేదీ వేసినవాడు

సొంత ఊరి సముద్రాన్ని జీవితమంతా గీశాడు యూజీన్ బూదెన్. ఏ మబ్బును ఏ రోజున, ఏ గంటకు, ఏ గాలిలో గీశాడో కూడా రాసిపెట్టేవాడు. ఆయన పెరిగిన పట్టణం రెండో ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైంది. ఆయన గీసిన ఆకాశం మాత్రం అక్కడే ఉంది. నార్మండీ తీరంలో నడిస్తే ఇప్పటికీ అది తలమీదే కనిపిస్తుంది!

ఫ్రాన్స్‌కు వాయవ్యాన లె హావ్ర్ అనే రేవు పట్టణం ఉంది. అక్కడ సముద్రపు ఒడ్డునే ఓ గాజు మేడ. పేరు ఆంద్రె మాల్రో ఆధునిక కళా మ్యూజియం. ‘ముమా’ అంటే ఊళ్లో ఎవరైనా దారి చెబుతారు. గోడలు గాజువి కావడంతో లోపల నిలబడ్డవారికి ఓవైపు బొమ్మలూ, మరోవైపు రేవులోకి వచ్చిపోయే ఓడలూ కనిపిస్తుంటాయి.

ఆ మ్యూజియంలో ఒకచోట అరచేతులంత, పలకలంత బొమ్మలు వరసలు వరసలుగా ఉంటాయి. రాజులు లేరు, యుద్ధాలు లేవు, దేవతలు లేరు. ఒకదాంట్లో అడుగున సన్నటి ఇసుక గీత, పైనంతా మబ్బు. ఇంకోదాంట్లో రెండు తెరచాపలు, మిగతాదంతా బూడిదరంగు వెలుగు. మరోదాంట్లో ఏటిగట్టున నాలుగు ఆవులు. కాసేపు చూశాక చూపు తనంతట తానే కిటికీవైపు తిరుగుతుంది. బయటా అవే మబ్బులు. నూటయాభై ఏళ్ల కిందటి బొమ్మలో ఉన్నదీ, ఈ నిమిషాన సముద్రంమీద కదులుతున్నదీ ఒక్కటేనేమో అనిపిస్తుంది.

ఆ బొమ్మలు గీసిన మనిషి యూజీన్ బూదెన్. మోనె పేరు తెలిసినంతగా ఈయన పేరు ప్రపంచానికి తెలియదు. కానీ మోనె చేతిలో కుంచె పెట్టి, ఇంట్లోంచి బయటికి తీసుకెళ్లినవాడు ఈయనే!

పడవ మీది పిల్లాడు

సీన్ నది పారిస్ మీదుగా మెలికలు తిరుగుతూ వచ్చి ఇంగ్లిష్ చానల్‌లో కలుస్తుంది. ఆ మొగకు ఉత్తరపు ఒడ్డున లె హావ్ర్, దక్షిణపు ఒడ్డున ఓన్‌ఫ్లర్. రెండూ ఒకదానికొకటి కనిపించేంత దూరమే. అయినా వాటి తీరు వేరు. లె హావ్ర్‌ను 1517లో ఫ్రాన్సిస్ రాజు పనిగట్టుకుని కట్టించాడు. పెద్ద ఓడలకు అది పెద్ద రేవు. ఓన్‌ఫ్లర్ అంతకంటే పాతది. ఇరుకు సందులు, సన్నగా నిలువుగా లేచిన ఇళ్లు, వాటి నీడలు పడే పాత పడవల రేవు.

బూదెన్ 1824 జులై 12న ఓన్‌ఫ్లర్‌లో పుట్టాడు. తండ్రి ఓడ మనిషి. పిల్లాడికి కాస్త ఊహ రాగానే తండ్రి పడవమీదే చిన్నాచితకా పనులకు కుదిరాడు. బడిలో పలక పట్టాల్సిన వయసులో తాళ్లు లాగడం, పడవ కడగడం నేర్చుకున్నాడు. సముద్రంమీద బతికేవాడికి ఆకాశం చూడటం సరదా కాదు, అవసరం. పడమట ఎలాంటి మబ్బు లేస్తే గాలి ముదురుతుందో, ఏ రంగు పొద్దు వానను తెస్తుందో తెలియాలి. తరవాత జీవితమంతా ఆయన గీసినది ఆ చిన్నప్పటి చదువే.

1835లో కుటుంబం అవతలి ఒడ్డుకు, లె హావ్ర్‌కు మారింది. కుర్రాడు ముందు అచ్చాఫీసులో, ఆపైన కాగితాలూ కలాలూ అమ్మే కొట్లో పనిచేశాడు. ఇరవై ఏళ్లకల్లా ఒక భాగస్వామితో కలిసి సొంత దుకాణం పెట్టాడు. అక్కడ స్టేషనరీ అమ్మేవారు, బొమ్మలకు పటాలు కట్టేవారు. ఆ తీరానికి వచ్చే చిత్రకారులు తమ బొమ్మలకు అక్కడే చట్రాలు కట్టించుకునేవారు, కిటికీలో ప్రదర్శనకు పెట్టేవారు. అలా వచ్చినవారిలో రైతు జీవితాన్ని గీసి పేరు తెచ్చుకున్న మిల్లే కూడా ఉన్నాడు. దుకాణదారు కుర్రాడు తన బొమ్మలు తీసి ఆయనకు చూపించాడు. ఈ దారిలో కూడు దొరకడం కష్టమని మిల్లే స్వానుభవంతోనే చెప్పాడు. బూదెన్ విన్నాడు. విని, 22వ ఏట దుకాణం వదిలేశాడు!

ఊరు పంపింది... ఊరికే తిరిగొచ్చాడు

చెప్పినంత పనీ అయింది. చాలా ఏళ్లు చేతిలో చిల్లిగవ్వ ఉండేది కాదు. 1851లో లె హావ్ర్ పురపాలక సంఘం ఆయనకు మూడేళ్ల ఉపకార వేతనమిచ్చి పారిస్ పంపింది. లూవ్ర్ మ్యూజియంలో పాత గురువుల చిత్రాలకు నకళ్లు గీస్తూ చేయి సాధన చేసుకోవాలి. ఆ రోజుల్లో గొప్ప చిత్రం అంటే గోడంత గుడ్డమీద పురాణమో, చరిత్రో, యుద్ధమో. అవి గీస్తేనే పతకాలు, కొలువులు.

బూదెన్‌కు ఆ గదుల్లో ఊపిరాడలేదు. గడువు తీరాక తన తీరానికే వచ్చేశాడు. ఓన్‌ఫ్లర్ పైన గుట్టమీద సెంట్ సిమియోన్ అనే పల్లెటూరి సత్రం ఉండేది. తూతెన్ అనే ఆమె నడిపేది. చేతిలో డబ్బు లేని చిత్రకారులకు అక్కడ చవకలో మంచమూ, భోజనమూ దొరికేవి. ముందు ఆపిల్ చెట్లు, కింద మొగ, పైన ఆకాశం. బూదెన్‌కు కావలసింది అంతే. ఆ సత్రం ఇప్పుడు సంపన్నుల హోటల్. ఒకప్పుడు అక్కడ తలదాచుకున్నవారి పేర్లే దానికిప్పుడు పెట్టుబడి!

గాలి కూడా గీతలో

అసలా తీరంలో అంతగా ఏముంది? మబ్బులు ఎక్కడైనా మబ్బులేగా అనుకుంటే పొరపాటే. అట్లాంటిక్ మీదుగా వచ్చే పడమటి గాలి ఇక్కడ దాదాపు ఏడాది పొడవునా మబ్బులను తోలుకొస్తుంది. పది నిమిషాలు ఎండ, పది నిమిషాలు జల్లు. దీనికి తోడు సముద్రపు పోటు. లె హావ్ర్ దగ్గర పెద్ద పోటు రోజుల్లో నీటిమట్టం ఏడెనిమిది మీటర్ల మేర లేచి దిగుతుంది. విశాఖ తీరంలో అది రెండు మీటర్లు కూడా దాటదు. అంటే నార్మండీలో పొద్దున చూసిన సముద్రం మధ్యాహ్నానికి కనపడనంత వెనక్కి పోతుంది. నీళ్లున్నచోట తడి ఇసుక అద్దంలా మెరుస్తుంటుంది. ఆ అద్దంలో మళ్లీ ఆకాశమే. నదినీళ్లూ ఉప్పునీళ్లూ కలిసేచోట లేచే మంచుతెర వీటన్నిటి అంచులనూ చెరిపేస్తుంది.

ఇలాంటి చోట నిలబడి నింపాదిగా బొమ్మ గీయడం కుదరదు. రంగు కలిపేలోపు వెలుగు మారిపోతుంది. అందుకే బూదెన్ పాస్టెల్ సుద్దలు పట్టుకున్నాడు. నీళ్లు కలపక్కర్లేదు, ఆరేదాకా ఆగక్కర్లేదు. కాగితంమీద గీయడం, వేలితో అలకడం, ఇంకో కాగితం తీయడం. పక్కన తేదీ, గంట, గాలి దిక్కు రాసుకోవడం. ఓడ నడిపేవాడు రోజూ చిట్టా రాసుకుంటాడే, అచ్చం అలాగే!

1859లో ప్రసిద్ధ కవి బోదలేర్ ఓన్‌ఫ్లర్‌లో ఉన్న తల్లి ఇంటికి వచ్చాడు. ఆ సందర్భంలోనే బూదెన్ గదిలో ఈ కాగితాలు చూశాడు. ఒకటీ రెండూ కాదు, వందలు! ఆయన నివ్వెరపోయాడు. ఆ ఏడాది పారిస్ చిత్రప్రదర్శనమీద రాసిన వ్యాసంలో అందులో లేని ఈ మబ్బుల గురించి ప్రత్యేకంగా రాశాడు. పక్కనున్న రాతను చేత్తో మూసేసినా, బొమ్మను చూసి అది ఏ రుతువో, ఏ వేళో, ఏ గాలో చెప్పేయొచ్చన్నది ఆయన మెప్పు సారాంశం. ప్రకృతి చిత్రాలకు పెట్టింది పేరైన కోరో అయితే బూదెన్‌ను ఆకాశాలకు రాజన్నాడు.

విచిత్రమేమిటంటే ఆ కాగితాలను బూదెన్ అమ్మకానికి గీయలేదు. అవి తన సాధన, తన లెక్కల పుస్తకం. అమ్మడానికి గీసినవి వేరే ఉండేవి.

నచ్చని గురువు

లె హావ్ర్‌లోనే మరో కుర్రాడు. బడిలో పుస్తకాల అంచులనిండా మాస్టార్ల వ్యంగ్య చిత్రాలు గీసేవాడు. పదిహేను, పదహారేళ్లకే ఊళ్లో పెద్దమనుషుల బొమ్మలు గీసి డబ్బులు తీసుకునేంత పేరొచ్చింది. వాటిని పటాలు కట్టే ఓ దుకాణం కిటికీలో పెట్టేవారు. ఆ పక్కనే, పైవరసలో, ఎవరో గీసిన సముద్రపు బొమ్మలుండేవి. కుర్రాడికి అవంటే అస్సలు గిట్టేది కాదు. ఆ మనిషిని పరిచయం చేస్తానని దుకాణదారు అన్నప్పుడల్లా తప్పించుకునేవాడు.

ఆ కుర్రాడు క్లాడ్ మోనె. ఆ మనిషి బూదెన్.

ఓరోజు తప్పించుకోవడం కుదరలేదు. తనకంటే పదహారేళ్లు పెద్దవాడైన బూదెన్ కోపగించుకోలేదు. వ్యంగ్య చిత్రాలు బాగున్నాయన్నాడు. అక్కడితో ఆగిపోవద్దన్నాడు. నాతో బయటికి రా, చెట్టునూ వెలుగునూ ఎదురుగా కూర్చుని గీద్దాం అన్నాడు. కుర్రాడు సాకులు చెప్పాడు. 1858 వేసవిలో ఎట్టకేలకు రంగులపెట్టె కొనుక్కుని, ఊరి పొలిమేరలోని రువెల్ వైపు గురువు వెంట నడిచాడు. బూదెన్ బొమ్మ మొదలుపెట్టాడు. పక్కన నిలబడి చూస్తున్న మోనెకు కళ్లముందు తెర తొలగినట్లయింది. ఆ ఏడాది గీసిన రువెల్ దృశ్యమే మోనె ప్రదర్శనకు పెట్టిన తొలి చిత్రం. తాను చిత్రకారుణ్నయ్యానంటే అది బూదెన్ చలవేనని ముసలితనంలోనూ చెప్పుకున్నాడాయన.

గౌన్ల గుంపులో ఒక సందేహం

ఇంతలో తీరం మారసాగింది. 1863 నాటికి రైలు త్రూవిల్, దోవిల్ ఊళ్ల దాకా వచ్చింది. నిన్నటిదాకా చేపల వలలు ఆరేసుకున్న ఇసుకమీద పారిస్ దొరసానులు వాలిపోయారు. లోపల చట్రాలు పెట్టి గొడుగులా ఉబ్బించిన గౌన్లు, చేతిలో ఎండగొడుగులు, ఇసుకలో వరసగా కుర్చీలు. వాళ్లు స్నానానికి వచ్చింది తక్కువ, ఒకరికొకరు కనిపించడానికి వచ్చింది ఎక్కువ.

బూదెన్ ఆ గుంపును గీశాడు. అడుగున రంగురంగుల బొట్లలా మనుషులు, పైన మూడొంతులు ఆకాశం. అవి అమ్ముడుపోయాయి. ఈనాటికీ ఆయన పేరు చెప్పగానే కళాప్రియులకు గుర్తొచ్చేవి త్రూవిల్ తీరపు బొమ్మలే.

కానీ ఆయన మనసు కుదురుగా లేదు. భార్యది బ్రిటనీ ప్రాంతం. అక్కడ కటిక పేదరికంలో బతికే పల్లెజనాన్ని చూసి 1867లో త్రూవిల్ తిరిగొచ్చాక, తీరంలోని ఆ ఆర్భాటమంతా వికారమైన వేషాల పండగలా తోచిందని మిత్రుడికి ఉత్తరం రాశాడు. అలాంటివారిని గీసి బతుకుతున్నందుకు సిగ్గుపడ్డాడు. ఏడాది తిరిగేసరికి ఆ మిత్రుడికే మరో ఉత్తరం. రైతును గీయొచ్చు గానీ పొద్దుగూకే వేళ ఒడ్డున నడిచే పట్నంవారిని గీయకూడదా, వాళ్లూ పనిచేసి అలసినవాళ్లే కదా అని! రెండూ ఆయన మాటలే. కూడు పెట్టేదాన్ని కాదనలేకా, కళ్లారా చూసినదాన్ని మరవలేకా కొట్టుమిట్టాడాడు.

చివరికి ఆయన చేయే జవాబు చెప్పింది. వయసు పెరిగేకొద్దీ గౌన్లు తగ్గాయి. త్రూవిల్‌కూ దోవిల్‌కూ మధ్య పారే తూక్ అనే చిన్న నది గట్టుకు దిగాడు. పోటు దిగినప్పుడు అక్కడ ఆడవాళ్లు మోకాళ్లమీద కూర్చుని బట్టలు ఉతికేవారు. వంగిన నడుములు, తెల్లటి గుడ్డలు, వెనక ఓడల తెరచాపలు. ఆ దృశ్యాన్ని మళ్లీ మళ్లీ గీశాడు. చేపల బజారునూ, రేవులో సరుకు దించేవారినీ గీశాడు. విలాసానికి వచ్చినవారు సీజను అయ్యాక రైలెక్కి వెళ్లిపోతారు. వీళ్లు ఎక్కడికీ పోరు.

1874లో మోనె, అతని మిత్రులు పారిస్‌లో పెట్టిన తొలి ఇంప్రెషనిస్టు ప్రదర్శనలో బూదెన్ కూడా పాల్గొన్నాడు. యాభయ్యో పడిలో ఉన్న గురువు, కుర్రాళ్ల తిరుగుబాటులో చేరాడన్నమాట. వాళ్లకు దక్కినంత తిట్లు గానీ, ఆనక వాళ్లకొచ్చినంత కీర్తి గానీ ఆయనకు రాలేదు. ఆలస్యంగానైనా బొమ్మలకు గిరాకీ పెరిగింది. 1884లో దోవిల్‌లో ఇల్లు కట్టుకున్నాడు. హాలెండ్ వెళ్లాడు, వెనిస్ వెళ్లాడు. ఎక్కడికెళ్లినా వేసవికి ఈ తీరానికే చేరేవాడు. 1898లో జబ్బు ముదిరాక దోవిల్‌కే తీసుకెళ్లమన్నాడు. ఆ ఏడాది ఆగస్టు 8న, తన సముద్రానికి ఎదురుగా కన్నుమూశాడు.

రెండు రాత్రులు

రెండేళ్ల తరవాత తమ్ముడు లూయీ, అన్న గదిలో మిగిలిపోయిన సుమారు 240 బొమ్మలను లె హావ్ర్ మ్యూజియానికి ఇచ్చేశాడు. అవన్నీ సాధన కోసం గీసుకున్నవీ, సగంలో ఆపేసినవీ. ఊరు ఒకప్పుడు డబ్బిచ్చి పంపితే బూదెన్ తిరిగి తెచ్చినది ఇదే... గంపలకొద్దీ ఆకాశం!

దాని విలువేమిటో తెలియడానికి ఒక ఘోరం జరగాల్సి వచ్చింది. 1944 సెప్టెంబరులో జర్మన్ సైన్యం లె హావ్ర్ రేవును పట్టుకు కూర్చుంది. వాళ్లను వెళ్లగొట్టడానికి బ్రిటిష్ విమానాలు 5, 6 తేదీల్లో పట్టణం నడిబొడ్డున బాంబుల వాన కురిపించాయి. ఆ నెల దాడుల్లో సుమారు 2,000 మంది సామాన్యులు చనిపోయారు. దాదాపు 80 వేల మంది ఇళ్లు కోల్పోయారు. బూదెన్ తిరిగిన వీధులు, మోనె బొమ్మలు పెట్టిన కిటికీలు, రేవు ఒడ్డున పాత మ్యూజియం... అన్నీ పోయాయి. చిత్రాలను ముందే భద్రమైన చోట్లకు తరలించడంతో అవి బతికాయి.

మోనె గీసిన ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ కథా అలాంటిదే. ఓ కళా ఉద్యమానికే పేరు పెట్టిన ఆ చిత్రంలో ఉన్నది లె హావ్ర్ రేవే. ఆయన ఏ హోటల్ గది కిటికీలోంచి దాన్ని చూశాడో ఆ హోటల్ ఇప్పుడు లేదు. 2014లో అమెరికాకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త డోనాల్డ్ ఓల్సన్ సూర్యుడి స్థానం, పోటు వేళలు, నాటి వాతావరణ వివరాలు పోల్చి చూశాడు. ఆ పొద్దు చాలావరకు 1872 నవంబరు 13, ఉదయం 7.35 గంటలదని తేల్చాడు. శిష్యుడి బొమ్మకు సమయం కట్టడానికి ఓ శాస్త్రవేత్త అంత కష్టపడాల్సి వచ్చింది. గురువైతే ఆ పని తానే, అప్పటికప్పుడే, బొమ్మ పక్కన చేసి పెట్టాడు!

యుద్ధం ముగిశాక వాస్తుశిల్పి ఆగస్ట్ పెరే ఆ శిథిలాలమీద కొత్త పట్టణాన్ని కాంక్రీటుతో నిలబెట్టాడు. తిన్నని వీధులు, చదును కప్పులు, మధ్యలో 107 మీటర్ల ఎత్తున సెంట్ జోసెఫ్ చర్చి గోపురం. చాలాకాలం దాన్ని కళతప్పిన ఊరని ఆడిపోసుకున్నారు. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చాక మాట మారింది. కొత్త మ్యూజియం 1961లోనే, సముద్రానికి ఎదురుగా వచ్చింది. దాని ముంగిట కన్ను ఆకారంలో ఓ పెద్ద కాంక్రీటు శిల్పం. ఆ కంట్లోంచి చూస్తే రేవూ, ఆకాశమూ పటం కట్టినట్లు కనిపిస్తాయి.

సాయంత్రం పూట గులకరాళ్ల ఒడ్డున జనం కూర్చుంటారు. పిల్లలు అరుస్తుంటారు. కంటైనర్ల ఓడ ఒకటి మెల్లగా మొగలోకి తిరుగుతుంది. ఇవేవీ బూదెన్ ఎరగడు. కానీ పడమట ఒక మబ్బు లేచి, అంచున వెలుగు చిమ్మి, నీటిమీద నీడ పరిచినప్పుడు... అది ఆయనకు తెలిసినదే. పట్టణంలో ఆయన గుర్తుపట్టగలిగింది అదొక్కటే మిగిలింది. ఏ క్షణమైనా మారిపోయేదని ఆత్రంగా గీసుకున్నదే చివరికి అన్నిటికంటే ఎక్కువకాలం నిలిచింది.

చూడాలనుకుంటే...

పారిస్‌లోని సెంట్ లజార్ స్టేషన్ నుంచి లె హావ్ర్‌కు రైళ్లుంటాయి. ప్రయాణం రెండు గంటల పైచిలుకు. మోనె పొగబండ్లను గీసిన స్టేషన్ కూడా అదే. లె హావ్ర్ నుంచి ఓన్‌ఫ్లర్‌కు రైలు లేదు. 1995లో ప్రారంభించిన నార్మండీ వంతెన మీదుగా రోడ్డున వెళ్లాలి. 2,143 మీటర్ల ఆ తీగల వంతెనమీంచి మొగ మొత్తం కనిపిస్తుంది. ఓన్‌ఫ్లర్‌లో బూదెన్ పేరుతోనే ఓ మ్యూజియం ఉంది. 1868లో మిత్రుడు దుబూర్‌తో కలిసి దాన్ని మొదలుపెట్టింది ఆయనే. దగ్గర్లోనే ఓడలు కట్టే వడ్రంగులు చెక్కతో కట్టిన సెంట్ కేథరిన్ చర్చి. దాని పైకప్పు బోర్లించిన పడవలా ఉంటుంది. గంటల గోపురం చర్చికి దూరంగా విడిగా ఉండటం మరో వింత. త్రూవిల్‌కు వెళ్తే తూక్ నది గట్టునా, ఇసుక ఒడ్డునా ఓ పూట గడపొచ్చు. గొడుగు మాత్రం మరవొద్దు. బూదెన్ అంతగా ప్రేమించిన ఆ ఆకాశం, చెప్పకుండానే కురుస్తుంది!